నల్లకట్ట రాయి

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల ముందు బస్సు దిగితే మొదట ముక్కుకు తగిలేది రాతిపొడి వాసన. కోత మిషను కింద వేడెక్కిన నల్లరాయి మీద నీళ్లు పడగానే లేచే ఆ వాసనకు నాకు జుబేదా మేడమ్ గుర్తొస్తారు, ఆమెతోపాటు కోపమూ వస్తుంది. నంద్యాల డిగ్రీ కాలేజీలో మాకు భూగర్భశాస్త్రం చెప్పేవారామె. గతేడాది పోయారు. కోపం మాత్రం నాకు అప్పగించి పోయారు.

మొదటి క్లాసులోనే ఒక నల్లరాయి ముక్క తెచ్చి, ముందు బెంచీలో ఉన్నానని నా చేతిలో పెట్టి, నాలుకతో నాకి చూడమన్నారు. క్లాసంతా ఘొల్లుమంది. "ఏందమ్మే అట్ల చూస్తాండావ్? తడిపితేనే రాయిలో ఉండేది కనపడేది. ఈడ నీళ్లు యాడుండాయి? నాలుక ఉంది గదా!" సిగ్గుతో చచ్చిపోతూ నాకాను. తడిసిన చోట బూడిదరంగు పోయి నలుపు తేలింది, అందులో ఉప్పురవ్వల్లాంటి సన్నటి స్ఫటికాలు, ఆమె మాటల్లో పలుకులు, మెరిశాయి. వెనక బెంచీ నుంచి ఒకడు "అగ్నిపర్వతం రాయి మేడమ్" అన్నాడు. ఆమె అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "అగ్నిపర్వతం యాడుందిరా నంద్యాలలో? ఇది పైకి రానే లేదు! కింద కరిగిన రాయి ఎగదన్నుకోని వచ్చి, నేల చీలినంత మేరా దూరింది. తోవ దొరక్క ఆడనే ఆగి, నిదానంగా ఆరింది. అందుకే పలుకు కట్టింది. పైకొచ్చి గాలి తగిలుంటే ఇంత పలుకు యాడ కడతాది?" అలా దూరిన రాయి పొరలను నిలువునా చీల్చుకుని ఆగితే గోడ అవుతుంది, పొరల నడుమ పరుచుకుంటే పలక అవుతుంది. పైనున్న మెత్తటి నేల కోట్ల ఏళ్ల వానలకు కొట్టుకుపోయాకే అవి వెలుగు చూస్తాయి.

అట్లాంటి గోడ దొర్నిపాడు వైపు మా ఊళ్లోనూ ఉందని, దాన్ని నల్లకట్ట అంటామని చెప్పాను. ఆ ఆదివారమే ఆమె వచ్చేశారు. కట్ట అంచున రాయి నాకి, కాస్త లోపలికి పోయి మళ్లీ నాకి, "అంచున సల్లటి నేల తగిలి బిరీన ఆరిపోయింది, పలుకే లేదు. నడిమధ్యన చూడు, ఎంతేసి పలుకులో" అని మురిసిపోయారు. మా నాయన బావి నీళ్లు తెచ్చిచ్చాడు. తాగి, "ఈ నీళ్లు ఎవరిచ్చినారప్పా?" అని అడిగారు. నాయన ఆకాశం చూపించాడు. "వాన ఇచ్చింది, సరే. ఆపింది ఎవరు? ఈ కట్ట నేల లోపలికీ గోడ మాదిరి దిగింది. ఇంకి వచ్చే నీళ్లకు అడ్డం నిలబడింది. అందుకే ఈ పక్క బావులు నిండతాండాయి."

నేను నంద్యాల బడిలో సైన్సు టీచరునయ్యాక నల్లకట్టను క్వారీకి ఇచ్చారు. అభిప్రాయాలు చెప్పమని ఊళ్లో సభ పెట్టారు. అప్పటికే మిషన్లు వచ్చి కట్ట కింద నిలబడి ఉన్నాయి! ఇక అడగడం దేనికి? రిటైరైన మేడమ్ బస్సులో వచ్చి, కట్ట తవ్వితే బావులు ఎండుతాయని చెప్పారు. వేదిక మీది అధికారి నవ్వాడు.

"రాయికీ నీళ్లకూ ఏందమ్మా సంబంధం? అడ్డం తీస్తే ఇంకా బాగా పారతాయి గదా!"

"పారతాయి సార్. మీ క్వారీ గుంతలోకి పారతాయి. వీళ్ల బావుల్లోకి కాదు!"

మైకు లాగేసుకున్నారు. ఆమె మైకు లేకుండానే మాట్లాడుతుంటే, టీ ఇచ్చి కూర్చోబెట్టమని ఆ అధికారి ఎవరికో సైగ చేశాడు. జీవితమంతా రాళ్లు చదివిన మనిషికి ఒక టీ గ్లాసు! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చివరికి ఆమె చెప్పినట్టే అయింది. గుంత లోతయ్యేకొద్దీ నీళ్లన్నీ అందులోకి దిగాయి. క్వారీవాళ్లు మోటారు పెట్టి వాగులోకి తోడిపోశారు. మా నాయన బావి అడుగు కనిపించింది. ఎవరో వచ్చి చూసి, కరువని రాసుకుపోయారు. కరువట!

నిన్న బడికి విగ్రహం చేయించాలని ఆళ్లగడ్డ వెళ్లాను. షెడ్డులో ఒక శిలాఫలకం మీద అక్షరాలకు శిల్పి బంగారు రంగు పూస్తున్నాడు. చదివాను. మా ఊరికి తాగునీటి ట్యాంకు, శంకుస్థాపన. కింద వరసగా పెద్దల పేర్లు. అన్నిటికంటే కింద, రాయి ఇచ్చిన దాతగా క్వారీ యజమాని పేరు. జుబేదా మేడమ్ పేరు ఎక్కడుంటుంది? పలక వెనక, మెరుగు పెట్టని చోట వేలు తడిపి రుద్దాను. చాలలేదు. వంగి నాకాను. పెద్ద పలుకు. కట్ట నడిమధ్య రాయి.

శిల్పి కుంచె ఆపాడు. "ఏందక్కా, రాయి నాకుతాండావ్?"

"మా ఊరి ట్యాంకు ఇదేనప్పా," అన్నాను. "కోసుకోనొచ్చినారు."