పుల్లీ మీద బొట్టు

కారు ఇంజనుకుండే క్యామ్ సెన్సర్ మార్చడం పెద్ద విద్యేమీ కాదు. పాతది పీకాలి, కొత్తదాని రబ్బరు రింగుకు కాస్త ఆయిల్ రాసి కూర్చోబెట్టాలి, బోల్టు బిగించాలి, వైరు తగిలించాలి. అంత సులువు కాబట్టే మా వనపర్తిలో ఇంజను తప్పులు చూపే స్కానర్ కొన్న ప్రతివాడూ సెన్సర్లు మారుస్తూ కూర్చుంటాడు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం అమరచింత వైపు నుంచి ఒక రైతు, ఆయన భార్య నా మెకానిక్ షెడ్డుకు వచ్చారు. కారు ఎత్తు ఎక్కడం లేదు, ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఆమెకు డయాలసిస్ నడుస్తోంది. కిందటిసారి కారు సగం దారిలో నిలిచిపోయి ఆ వంతు తప్పిపోయింది. మొహం, పాదాలు ఉబ్బి ఉన్నాయి. తెల్లారితే మళ్లీ దవాఖానకు పోవాలి.

"ఇంతకుముందు సూసినోళ్లు ఏమన్నరు?" అని అడిగాను.

"సెన్సర్ పోయిందన్నరన్నా. మారిస్తె మల్ల గదే. ఇంకోటి ఏసిండ్రు, మల్ల గదే," అన్నాడు రైతు.

సెన్సర్ తీసి చూశాను. బాగానే ఉంది. తుడిచి మళ్లీ బిగించాను. స్కానర్ పెడితే అదే తప్పు చూపించింది. ఒకే బెల్టుతో ముడిపడిన రెండు ఇరుసులు, కింద క్రాంకు, పైన క్యామ్, ఒకదానికొకటి కలిసి తిరగడం లేదని అది మొత్తుకుంటోంది. ఆ కబురు మోసుకొచ్చిన సెన్సర్‌ను మార్చి ఏం లాభం? బెల్టు కవర్ విప్పడానికి బద్ధకం, అంతే. వాళ్ల బద్ధకం ఈమె ప్రాణం మీదికి తెచ్చింది.

కవర్ విప్పి, క్రాంకును దాని గుర్తుకు తిప్పాను. క్యామ్ పుల్లీ అంచున ఎర్రటి చుక్క ఒకటి ఇంజను మీది గీతకు సూటిగా నిలబడి ఉంది. ఆ గీతకు ఎదురుగా ఉండాల్సిన, కంపెనీ పెట్టిన అసలు గాడి పుల్లీ పళ్లలో ఒక పన్ను పక్కన, జిడ్డు కింద ఉంది.

"ఈ ఎర్రరంగు ఎవడు పెట్టిండు?" అని అరిచాను.

"రంగు గాదన్నా, బొట్టు. దసరాకు ముందు కొత్త బెల్టు ఏసినప్పుడు ఆమెనే పెట్టింది. నూనెల కుంకుమ కలిపి. ఆయెనక వాటర్ పంపు మార్పిచ్చినం, గప్పటి సంది గిట్లనే."

పంపు కోసం బెల్టు విప్పిన మహానుభావుడు బొట్టును మెకానిక్ పెట్టిన గుర్తనుకుని, దానికే బెల్టు కలిపాడు. గాడి ఉందో లేదో వెతకనైనా లేదు. వాడు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణి.

బెల్టును అసలు గాడికి కలిపాను. బొట్టు తుడుద్దామని కిరోసిన్ గుడ్డ అందుకుంటే రైతు నా చెయ్యి పట్టుకున్నాడు.

"తుడవకన్నా. ఆమె పానం బాగలేనప్పుడు ఆమె పెట్టిన బొట్టు తుడుస్తరా? అరిష్టం."

"ఉంచితె ఇంకొకడు గిట్లనే కలుపుతడు. మల్ల నడి తోవల ఆగుతది. అప్పుడేం జేస్తవ్?" అని కసిరాను. అయినా వదలలేదు. నా కోపం ఇప్పుడు ఆయన మీదికి మళ్లింది.

బల్ల మీద కూర్చున్న ఆమె గోడ పట్టుకుని లేచి వచ్చింది. నా చేతిలోని గుడ్డ లాక్కుని తానే పుల్లీ తుడిచింది.

"బతికుంటె మల్ల నేనే పెడ్త," అంది మొగుడితో. "ముందుగాల నన్ను దవాఖానకు చేర్చు."

ఆయన నా చెయ్యి వదిలేశాడు.