అందరికీ ఒకే కటింగు

మా బాబాయ్ మంగలి షాపులో ఒకే ఒక్క కటింగు దొరుకుతుంది. చెవులు రెండూ కప్పేలా జుట్టు దించి, నుదుటి మీద తిన్నగా కోసేస్తాడు. కుర్చీలో బ్యాంకు మేనేజరున్నా, బస్తాలు మోసేవాడున్నా అంతే. ఆయన తల మీద మాత్రం ఒక్క వెంట్రుక లేదు. కాబట్టి ఈ చట్టం ఆయనకి వర్తించదు!

ఎవరైనా "వెనకాల కాస్త పొట్టిగా..." అని నసిగితే చాలు, కత్తెర ఆపి ఉపన్యాసం అందుకుంటాడు.

"ఎవడి ఇష్టం వాడిదైతే పోలికలొస్తాయి. పోలికలొస్తే కుళ్ళు. కుళ్ళొస్తే కొట్టుకు చస్తారు. ఇప్పుడు మన వీధిలో జుట్టు గురించి ఎవడైనా బాధపడుతున్నాడా?"

"అందరం పడుతున్నాం బాబాయ్."

"చూశావా? సమానంగా!"

వెనక నుంచి చూస్తే మా వీధి మగాళ్ళంతా ఒక్కటే. ఎదురింటి టీచరమ్మ తన మొగుడనుకుని పోస్ట్‌మాన్ వీపు మీద ఒక్కటి చరిచి, "ఉప్పు తెమ్మని పంపితే ఇక్కడ కబుర్లా?" అంది. పాపం, ఆయన భయపడి ఉప్పు తెచ్చిచ్చాడు. బాబాయ్ చెప్పినట్టు గొడవలైతే లేవు. గొడవల్లేని చోట అందరి మొహాలూ అలా ఎందుకు వేలాడుతున్నాయో మాత్రం నాకు అంతుపట్టేది కాదు.

ఇంతలో నా పెళ్ళి కుదిరింది. కాబోయే ఆవిడ మా వీధికొచ్చి, నేననుకుని పాలవాడి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నాక ఊరుకుందా! "పెళ్ళినాటికి నువ్వెవరో నాకు తెలియాలి. లేదంటే పెళ్ళే వద్దు" అని నాకు తెగేసి చెప్పింది.

బాబాయ్ కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు. ఒళ్ళుమండి బస్టాండు దగ్గర షాపుకెళ్ళి, చెవులు బయటపడేలా కొట్టించుకొచ్చాను. తిడతాడనుకుంటే తిట్టలేదు. మొహం వాడిపోయింది. "సరేలేరా. మన వీధి చివరి దర్జీ కంట మాత్రం పడకు" అని బతిమాలాడు.

ఎలా పడకుండా ఉంటాను? పెళ్ళి కోటు ఆయన దగ్గరే ఉంది. వెళ్ళగానే దర్జీ మిషను ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"అబ్బ! చెవులకి గాలి తగులుతోందా?"

"హాయిగా ఉందండీ."

ఆయన ఎడమవైపు జుట్టు పైకెత్తాడు. చెవి సగమే ఉంది.

"షాపు తగలబడ్డప్పుడు కాలిందయ్యా. సిగ్గుతో గడప దాటేవాణ్ణి కాదు. మీ బాబాయే ఇంటికొచ్చి, జుట్టు దించి చెవి కప్పాడు. నా ఒక్కడికే అలా ఉంటే అందరూ చూస్తారని మీ అందరికీ దించేశాడు."

ఎంత పిచ్చి మనిషి! ఎంత మంచి మనిషి!

"మరి ఇప్పుడూ సిగ్గేనా?"

"సిగ్గెప్పుడో పోయింది. ఉక్కపోతతో చస్తున్నా. చెబితే ఆయన మనసు నొచ్చుకుంటుందని ఓర్చుకుంటున్నా. పద, నిన్ను చూశాక నాకూ ధైర్యమొచ్చింది."

ఇద్దరం షాపుకెళ్ళాం. దర్జీ కుర్చీలో కూర్చుని, "అన్నా, పొట్టిగా కొట్టు" అన్నాడు.

బాబాయ్ చేతిలోంచి కత్తెర జారింది. "మరి చెవి?"

"ఉన్నదేదో ఉంది. గాలి తగలనీ."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"నువ్వు అడగలేదు కదన్నా!"

బాబాయ్ భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, తన జీవితంలో మొదటిసారి అడిగాడు: "ఎంత పొట్టిగా?"

నా పెళ్ళి నిక్షేపంగా జరిగింది. ఇప్పుడు షాపు ముందు పెద్ద వరస, తలకో కోరిక. బాబాయ్ అందరినీ "ఎలా కావాలి?" అని ఎంతో మర్యాదగా అడుగుతున్నాడు. జవాబు వినడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.