అన్నీ కుడి చేతులే

మా మేనత్తకు నోరు పదును, చెయ్యి ఖాళీ. మామయ్య పోయాక నాలుగిళ్ళలో అంట్లు తోమి కూతుర్ని సాకింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో పేదలకు సరుకులు పంచేవాళ్ళు. ఇచ్చేవాళ్ళది మంచి మనసే, కాదనను. కానీ కూతురి బళ్ళో పిల్లలు చూస్తుండగా ఆ వరుసలో నిలబడాలంటే అత్తకు తల కొట్టేసినట్టుండేది.

అది కనిపెట్టింది పాస్టరమ్మ. ఆ గది మూలనున్న కుట్టుమిషను దుమ్ము దులిపించి, తనే దగ్గర కూర్చుని అత్తకు కుట్టు నేర్పింది. చెయ్యి కాస్త కుదురుకున్నాక, పాటలు పాడేవాళ్ళకు తెల్ల గౌన్లు కుట్టమని బట్ట అప్పగించింది.

"బజారు దర్జీకిచ్చే కూలే నీకూ ఇస్తాం. ఇవి కుదిరితే పని అదే వెతుక్కుంటూ వస్తుంది," అంది.

సంఘ పెద్ద మాత్రం, "సరుకులిస్తున్నాంగా, మళ్ళీ ఇదెందుకు?" అని గొణిగాడు.

అత్తకు ఉత్సాహం ఎక్కువై బట్టను పొరలుపొరలుగా పరిచి, గౌన్ల చేతులన్నీ ఒక్క ఊపున కత్తిరించేసింది. అన్నీ కుట్టేశాక ఒక గౌను తొడుక్కుని చూస్తే కుడి చెయ్యి బాగానే ఉంది, ఎడమది వెనక్కి లాగుతోంది. అన్ని గౌన్లదీ అదే వరస, కత్తిరించినవన్నీ కుడి చేతులే. తెల్లారితే ఆదివారం. తలుపు గడియ పెట్టుకుని బావురుమంది.

పాస్టరమ్మ వచ్చి తలుపు తీయించింది. వెనకే పాటల సాధనకొచ్చిన ఆడవాళ్ళంతా ఉన్నారు.

"ఆ పెద్దాయన మాటే నిజం అమ్మగారూ. నా మొహానికి సరుకుల వరుసే రాసిపెట్టుంది."

పాస్టరమ్మ గౌను అటూ ఇటూ తిప్పి చూసి ఫక్కున నవ్వింది. "ఈ బట్టకి లోపలి వైపు, బయటి వైపు లేవే పిచ్చితల్లీ. ఎడమవన్నీ విప్పి, తిరగేసి కుట్టు."

ఆడవాళ్ళు నేలమీద చతికిలబడి, పాటలు సాధన చేసుకుంటూనే కుట్లు విప్పారు. అత్త మిషను తొక్కుతూ ఏడుస్తూనే ఉంది. అది సిగ్గుతో ఏడ్చిన ఏడుపు కాదు.

గౌన్లు కుదిరాయి. పని నిజంగానే వెతుక్కుంటూ వచ్చింది, అత్త అంట్ల పని మానేసింది. సరుకులు పంచేటప్పుడు అత్త ఇప్పుడు కొలిచి పోసే వైపు నిలబడుతుంది. ఒక ఆదివారం ఎవరో కొత్తావిడ తలెత్తకుండా సంచి చాపింది. అత్త నిండా పోసి, మెల్లగా అడిగింది.

"కుట్టు వచ్చా?"

"రాదక్కా. బట్ట పాడుచేస్తానేమో."

"రేపు రా, నేర్పుతా. నేను పాడుచేసినంత నువ్వు చెయ్యలేవులే."