తొడుగు మరిచిన టంకం

టంకం వేసేవాళ్ళకు ఓపిక ఎక్కువని ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళు మా ఎడ్వీజ్ వదినను చూసి ఉండరు. నోవా స్కోషియా దక్షిణపు కొసన ఉన్న మా రేవులో ఆవిడంత బాగా టంకం వేసే మనిషి లేదు, ఆవిడంత కోపిష్టి మనిషీ లేదు. టంకం కరిగించే ఐరన్ వేడెక్కేలోపే నలుగురిని తిట్టేస్తుంది. కేబుల్ జారితే కేబుల్‌ను, టంకం బొట్టు దొర్లిపోతే నేలను, ఏదీ దొరక్కపోతే గోడకు తగిలించిన మా అన్న టోపీని. ఆ పనికి మూడు చేతులు కావాలి. ఐరన్ ఒకదానిలో, టంకం తీగ ఒకదానిలో, కేబుల్ ఇంకోదానిలో. రెండే ఇచ్చాడని దేవుడి మీద కూడా ఆవిడకు గుర్రే. చర్చికి వెళ్ళొచ్చి మరీ తిడుతుంది.

ఆ కోపం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట ఆవిడ చేపల ఫ్యాక్టరీలో ముళ్ళు తీసేది. మా అన్న రోమియో లాబ్‌స్టర్ పడవకు సరంగు. ఒక జనవరిలో నడిసముద్రంలో ఇంజన్ ఆగింది. రేడియో ఎత్తితే అదీ మూగబోయింది. పగలూ రాత్రీ మంచులో కొట్టుకుపోయాడు. ఇంకో పడవవాళ్ళ కంట పడ్డాడు కాబట్టి బతికాడు. కాలివేళ్ళు రెండు పోయాయి. ఆ తర్వాత పడవ ఎక్కలేదు, స్కూలు బస్సు నడుపుకుంటున్నాడు.

వదిన ఏడవలేదు. పడవలోకి వెళ్ళి యాంటెనా కేబుల్ చివర కనెక్టర్‌ను కోసి తెచ్చి, వంటింటి బల్ల మీద రంపంతో నిలువునా చీల్చింది. పైన టంకం ముత్యంలా మెరుస్తోంది. లోపల తీగలకు అది అంటనే లేదు. వేడి చాలకుండానే ఎవడో బొట్టు పెట్టి డబ్బులు తీసుకున్నాడు. ఉప్పునీళ్ళు దూరి తీగంతా పచ్చగా చిలుము పట్టింది. ఆ ముక్కల్ని పట్టుకెళ్ళి రేడియో బిగించిన షాపువాడి బల్ల మీద విసిరికొట్టి, "మా ఆయన వేళ్ళు కూడా తెచ్చివ్వమంటావా?" అని అడిగి వచ్చింది. అదే వారం ఒక ఐరన్ కొనుక్కుంది. నేర్పినవాళ్ళెవరూ లేరు. చేతులు కాల్చుకుని, కేబుళ్ళు తగలేసి, తిట్టుకుంటూ నేర్చుకుంది.

ఆవిడ పని చేస్తుండగా చూడాలి. కనెక్టర్ అంటే ఇత్తడి దిమ్మ. అది పూర్తిగా వేడెక్కేదాకా టంకం ముద్దలు ముద్దలుగా నిలబడుతుంది తప్ప అతకదు. కాస్త ఎక్కువ కాలిస్తే లోపల తీగలను విడదీసే తెల్ల ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఆ రెంటి మధ్యా ఒక క్షణం వస్తుంది. అప్పుడు టంకం నీళ్ళయి, వెండిలా మెరిసి, తనంతట తానే తీగల్లోకి పాకిపోతుంది. ఆ క్షణంలో మాత్రం వదిన మొహం చిన్నపిల్ల మొహంలా ఉంటుంది. ఐరన్ తీయగానే మళ్ళీ తిట్లు. సీసం లేని, ఓ పట్టాన కరగని కొత్తరకం టంకం తీగ తెచ్చి ఎవడైనా బేరం పెడితే అగ్గి మీద గుగ్గిలమైపోతుంది.

ఇంత కోపమూ ఒక ఎత్తు, కూతురు కొలెట్ మీద కోపం ఒక ఎత్తు. నిరుడు ఆగస్టులో కొలెట్ మేనమామ పడవ తీసుకుని, తనే సరంగునవుతానంది. తండ్రి సరేనన్నాడు. తల్లి మాట్లాడ్డం మానేసింది. "ఉప్పందుకో", "తలుపెయ్యి" అనడం తప్ప మూడు నెలలు వాళ్ళిద్దరి మధ్యా మాట లేదు. నేను కొలెట్ పడవలోనే పనికి కుదిరాను. దాంతో వదిన నన్ను కూడా పలకరించడం మానేసింది. నాకు ఒళ్ళు మండింది. పిల్లకు ఇరవై ఆరేళ్ళు, గాలినీ నీటినీ ఎరిగిన పిల్ల. ఇంకెన్నాళ్ళు కొంగున కట్టుకుంటుంది?

మా దగ్గర నవంబరు ఆఖరి సోమవారం తెల్లారగానే పడవలన్నీ లాబ్‌స్టర్లు పట్టే బోనులు వేయడానికి బయల్దేరతాయి. ముందురోజు మధ్యాహ్నం కొలెట్ రేడియో పరీక్షించింది. గరగర తప్ప ఏమీ లేదు. కనెక్టర్ విప్పి చూస్తే చిలుము. ఆదివారం, షాపులు లేవు. కొత్త కేబుల్ వేద్దామంటే అది వెళ్ళే దారి మీద బోనులు మేడలా పేర్చి కట్టేశాం. రేడియో లేకుండా ఆ నీళ్ళలోకి పోయేంత మూర్ఖులం కాము. ఆగిపోతే మంచి చోట్లన్నీ మిగతావాళ్ళు ఆక్రమిస్తారు, కొత్త సరంగు మొదటి రోజే రేవులో ఉండిపోయిందని నవ్వుతారు. నేనే వెళ్ళి వదినను పిలిచాను.

"దాన్నొచ్చి అడగమను," అంది.

"నేనడుగుతున్నా కదా వదినా."

"నీ మొహం. నీకేమైనా తెలుసా? సరంగు ఎవరు, నువ్వా అదా?"

అంటూనే పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని నాకంటే ముందు నడిచింది.

కేబిన్‌లో మిగులు కేబుల్ జానెడుకన్నా ఎక్కువ లేదు. వదిన చిలుము పట్టినంత మేరా కోసేసి, తీగలు విప్పి, దువ్వి, పెట్టెలోంచి కొత్త కనెక్టర్ తీసి టంకం వేసింది. కొలెట్ పక్కన నిలబడితే, "వెలుతురుకడ్డం నుంచోకు" అని కసిరింది. చూడముచ్చటైన అతుకు. మెరుస్తోంది. వదిన ఊపిరి వదిలి, దాన్ని రేడియోకు బిగించబోయి ఆగిపోయింది.

కనెక్టర్‌ను రేడియోకు బిగించే మరలున్న తొడుగు ఇంకా బల్ల మీదే ఉంది. అది ముందుగా కేబుల్‌కు ఎక్కించాలి. టంకం పడ్డాక ఎక్కదు. ఈ పని చేసే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే. వదిన చేయగా మాత్రం నేను చూడలేదు.

వదిన ఆ అందమైన అతుకును కటింగ్ ప్లేయర్‌తో కసుక్కున కోసి బయటికి, నీళ్ళలోకి విసిరేసింది. రెండోసారి తొడుగు ముందే ఎక్కించింది గానీ, కోపంతో ఐరన్ అదిమిపట్టి ఉంచింది. ప్లాస్టిక్ కరిగి తీగలు రెండూ కలిసిపోయాయి. మీటర్ కూయకూడని చోట కుయ్యిమంది.

"ఛీ! దరిద్రపు పడవ! దరిద్రపు ఇత్తడి!"

మళ్ళీ కోసింది. ఇక మిగిలింది బెత్తెడు. ఇంకోసారి పాడైతే కేబుల్ రేడియోదాకా అందదు. ఐరన్ కొన తీగ మీద నిలవడం లేదు.

కొలెట్ చెయ్యి చాపింది. "ఇటివ్వు."

"నీకేం వచ్చని?"

"ఏనాడైనా పట్టుకోనిచ్చావా? చేతులు కాలతాయి, దూరం జరుగు, ముట్టుకోకు. ఇరవయ్యేళ్ళుగా ఇదే పాట. రేపు సముద్రం మధ్యలో ఇది ఊడితే ఎవరమ్మా వేసేది? నువ్వొస్తావా?"

"అందుకేనే వెళ్ళొద్దంది!"

"నేను వెళ్తాను. రేడియో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు."

"నోర్ముయ్! అంటే సరిపోయిందా? మీ నాన్న కూడా ఇలాగే వెళ్ళాడు. రాత్రంతా ఈ రేవులో నుంచున్నది నేను, నువ్వు కాదు. నాకు భయమే! చచ్చేంత భయం! విన్నావా? ఇప్పుడేం చేస్తావు?"

అరిచి, ఆవిడే బిత్తరపోయింది. కొలెట్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి వదిన ఐరన్ దాని చేతిలో పెట్టింది. పెట్టిన మరుక్షణం నుంచి తిట్లు.

"తొడుగు ఎక్కించావా? ఎక్కించి చావు ముందు. ఆ… ఐరన్‌కి కాదే టంకం పెట్టేది, ఇత్తడికి! ఇత్తడి అడగాలి టంకాన్ని. ఆగు. ఆగమన్నానా! ఇంకా వేడెక్కలేదు. నువ్వేంట్రా ఆన్సెల్మ్, గుడ్లప్పగించి చూస్తావు, కేబుల్ కదలకుండా పట్టుకో. ఆ… ఆ… ఇప్పుడు!"

నేను పట్టిన కేబుల్ చివర టంకం కరిగి, ఒక్కసారి మెరిసి, లోపలికి పాకింది. కొలెట్ "అబ్బ!" అంది. కనెక్టర్ మీద ఒంగిన రెండు మొహాలూ ఒక్కలాగే ఉన్నాయి.

"చాలు, తియ్యి. ఊదకు! ఊదితే చంపుతాను. దానంతటదే చల్లారాలి."

చల్లారింది. ఒక పక్క గడ్డ కట్టి, ముక్కు మీద పులిపిరికాయలా ఉంది. వదిన మీటర్ పెట్టింది. గట్టిగా లాగింది. మళ్ళీ లాగింది. అతుకు గట్టిదే. అయినా ఐరన్ అందుకోబోయింది, ఆ గడ్డ సరిచేద్దామని.

"ముట్టుకోకమ్మా," అంది కొలెట్. వదిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

కొలెట్ కనెక్టర్ బిగించి, మాట్లాడే మీట నొక్కి ఇంటికి పిలిచింది. వంటింట్లో పెట్టుకున్న ఇలాంటి రేడియో నుంచే మా అన్న, "చర్చి గంటలా వినబడుతోంది. బంగాళదుంపల రాప్యూర్ చల్లారిపోతోంది, తిట్లయిపోతే రండి," అన్నాడు.

మర్నాడు మసక వెలుతురులో బయల్దేరాం. గాలి బాగానే కొట్టింది. మొదటి వరస బోనులు దించాక కొలెట్ రేడియోలో ఫలానా చోట ఉన్నామని చెప్పింది. మాకు బాగా పడమరనున్న పడవ నుంచి ముసలి సరంగు ఫెలిసియాన్ అందుకున్నాడు.

"ఎంత స్పష్టంగా ఉందమ్మా నీ గొంతు! ఇది ఎడ్వీజ్ చేతి పనే. ఆ మాత్రం పోల్చుకోలేనా?"

కొలెట్ నా వైపు చూసి, మీట నొక్కింది. "అవును తాతా. మా అమ్మ పనే."

మీట వదిలిందో లేదో, వంటింటి రేడియో నుంచి, పడవలన్నీ వినే ఆ చానెల్‌లో, వదిన గొంతు విరుచుకుపడింది.

"నా పనా? నీకు మతిపోయిందా ఫెలిసియాన్! అంత అడ్డదిడ్డంగా నేనెప్పుడైనా వేశానా? అంత గడ్డ నా చేతిలోంచి వస్తుందా? అది నా పని కాదు, నా కూతురు పని! వింటున్నారా అందరూ? సరంగు కొలెట్ తన పడవకి తనే వేసుకుంది!"

ఒకరు మీట నొక్కి ఉంచినంతసేపూ ఆ చానెల్‌లో ఇంకెవరి మాటా పోదు. ఆవిడ ఊపిరి మాత్రం వినబడుతోంది. ఆవిడ మీట వదల్లేదని మాకందరికీ తెలుస్తోంది. కొలెట్ చక్రం పట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండా ఎదరకే చూస్తూ, తల్లి మీట వదిలేదాకా ఆగింది.