ఖాళీ జీపుకు బ్రేకులు ఎందుకు పోయాయంటే

2022, పత్తి ఏరే రోజులు. వరంగల్‌లోని నా మెకానిక్ షెడ్డుకు తొర్రూరు పత్తి వ్యాపారి ఒకాయన, అందరూ సేటు అంటారు, తన పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు పంపాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి, బురద చేలల్లోకీ దిగుతుంది. దాన్ని నడిపేది కొమురయ్య.

మా దగ్గర పత్తి బండ్లకు ఒక అలవాటుంది. బరువుకు వెనక కుంగకుండా లీఫ్ స్ప్రింగులో, అంటే కమాన్ కట్టలో, ఇంకో పట్టీ ఎక్కిస్తాం. నేనూ ఎక్కించాను. బండి వెనక లేచింది. చాసిస్ నుంచి వెనక ఇరుసుకు బ్రేక్ ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు హోస్‌ను మాత్రం మార్చలేదు.

కొన్నాళ్లకే, పత్తి దింపి వస్తుంటే జీపు గుంతలో పడింది. బ్రేక్ పెడల్ నేలకంటింది. ఎదురుగా బస్టాపులో జనం. కొమురయ్య బండిని పొలంలోకి తిప్పాడు. జనం బతికారు, అతని చెయ్యి విరిగింది.

సేటు జీపును నా షెడ్డుకు లాగించుకొచ్చాడు. "లోడుతోని ఆగిన బండి ఖాళీగ ఆగదా? తాగి నడిపిండు. పనిలకెల్లి తీసేసిన" అన్నాడు.

"కొమురన్న కల్లు బ్రేకు కొట్టిండు సేటూ!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

నేను అప్పటికే బండి కింద దూరి చూశాను. లోడు ఉంటే వెనక దిగి హోస్ వదులుగా ఉంటుంది. ఖాళీగా ఉంటేనే బిగుసుకుంటుంది. చక్రం గుంతలోకి జారగానే తెగింది. ఆ పాత మోడల్‌లో బ్రేక్ లైను ఒక్కటే. ఒకచోట తెగితే అన్ని చక్రాలకూ బ్రేకు పోతుంది. ఇదంతా తెలిసీ నోరు మెదపలేదు.

మర్నాడు కొమురయ్య ఇంటికి పోయాను. "అన్నా, తప్పు నాది. హోస్ పొట్టిగైంది."

"నాకెందుకు చెప్తున్నవ్ మిస్త్రీ? నేను తాగలేదని నాకెరుకే. పోయి బజార్ల చెప్పు."

తెగిన హోస్ పట్టుకుని తొర్రూరు పోయి, సేటు పత్తి తూచే కాంటా దగ్గర అందరి ముందూ చెప్పాను.

"గిట్ల చెప్పుకుంటే నీ షెడ్డుకు ఎవడొస్తడు?" అన్నాడు సేటు.

"రాకుంటే రాకపాయె. కొమురయ్య తాగలే."

సేటు తన బండ్లన్నీ వేరే షెడ్డుకు మార్చాడు. కొమురయ్యను తిరిగి పెట్టుకోలేదు. తాగాడనే మాట ఇంకా తిరుగుతూనే ఉంది.

పాత జీపు ఉన్నవాళ్లకు ఒకటే చెబుతాను. ఖాళీ బండిని జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతున్నప్పుడు హోస్ చూడండి. బిగుసుకుని ఉంటే ఆ బండి కదిలించొద్దు. హోస్ మార్చనివ్వని యజమాని బండికి నేను పట్టీ ఎక్కించను, ఎంతటివాడైనా సరే. కొమురయ్య తాగాడనేవాళ్లు నా షెడ్డుకు రండి. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరి చేతిలో జరిగిందో చూపిస్తాను.