చెంప ఆనే చోటు

మా అమ్మాయిని నేనే ఓడించాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇన్నేళ్లూ దీన్ని మోస్తూనే ఆఫీసుకు వెళ్లాను, ఇంటిముందు మంచు తవ్వాను, పెళ్లిళ్లలో ఫొటోలకు నవ్వాను. మోయగా మోయగా బరువు అలవాటవుతుందంటారు. శుద్ధ అబద్ధం. మోస్తున్నట్టు కనబడకుండా నడవడం అలవాటవుతుంది, అంతే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను. నన్ను ఓదార్చకండి. "కన్నతండ్రి కదా, ప్రేమ కొద్దీ చేసి ఉంటారు" అనకండి. ఆ మాట నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ నా మీద నాకు అసహ్యం వేసింది.

మాది కనాటా, మంచు దేశంలో ఒక ఊరు. నేను టెలికాం ఇంజనీరుని. మా అమ్మాయిని ఇక్కడ సహజ అని పిలుస్తాను, అసలు పేరు అది కాదు. పుట్టుకతో ఎడమచేతి వాటం. చిన్నప్పుడు చుట్టాలు వీడియో కాల్‌లో కనబడిన ప్రతిసారీ కుడిచెయ్యి అలవాటు చెయ్యండి, ఇప్పుడు మాన్పించకపోతే ఇంక మానదు అని పోరేవాళ్లు. నేను ఒప్పుకోలేదు. ఇక్కడి గుళ్లో ఒకసారి ఎడమచెయ్యి చాపిందని ఒక పెద్దావిడ ఆ పసిదాని చేతిమీద కొడితే అందరి ముందూ ఆవిడతో గొడవ పడ్డాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ చెయ్యి కోసం అంతగా కొట్లాడిన మనిషే తర్వాత ఏం చేశాడో మీకు తెలియాలని చెబుతున్నాను.

ఏడో క్లాసులో ఉండగా స్నేహితురాలి వెంట వెళ్లి బయాథ్లాన్‌లో చేరింది. కాళ్లకు స్కీలు, వీపున రైఫిలు. మంచులో ఊపిరి ఎగిసిపడేదాకా పరిగెత్తి, చటుక్కున ఆగి, ఆ రొప్పులోనే ఐదు గురులు కొట్టాలి. గురి తప్పితే తప్పినదానికల్లా అదనంగా ఒక చుట్టు. మా ఆవిడ భయపడింది. తెలిసినవాళ్లు "ఆడపిల్ల చేతికి తుపాకీ ఏమిటండీ" అన్నారు. వాళ్లందరికీ నేనే సమాధానం చెప్పాను. కావలసిన లైసెన్సులు నేనే దగ్గరుండి తెచ్చాను.

అసలు చిక్కు చెక్క దగ్గర వచ్చింది. రైఫిల్లో ఇనుప భాగాన్ని పట్టి ఉంచే కొయ్యను స్టాక్ అంటారు. భుజానికి ఆనేదీ, చెంపకు ఆనేదీ అదే. ఎడమచేతి వాళ్లకు పనికొచ్చే ఇనుప భాగం దొరికింది కానీ, ఆ వయసు పిల్లకు, అందులో ఎడమచేతి పిల్లకు సరిపోయే స్టాక్ ఎక్కడా దొరకలేదు. క్లబ్బువాళ్లు ఇచ్చినదాన్ని పట్టుకుంటే మెడ వంకర పోయేది. సరే, నేనే చేస్తానన్నాను. అప్పటికి నాకు గోడకు మేకు కొట్టడం కూడా సరిగ్గా రాదు.

బేస్‌మెంట్‌లో బల్ల వేశాను. ఉలి, ఆకురాయి, ఉప్పుకాగితం కొన్నాను. మొదటి చెక్క పగిలింది. రెండోది చెయ్యి పట్టుకునే చోట సన్నబడిపోయింది. మూడోది నల్లటి చారలున్న వాల్‌నట్ దుంగ. ఇనుప భాగం చెక్కలో ఇమడాలంటే ఎక్కడ తగులుతోందో తెలియాలి. మా ఆవిడ కాటుక తీసుకుని ఇనుముకు పూసి, చెక్కలో పెట్టి నొక్కి తీసేవాణ్ని. నల్లగా అంటినచోట చెక్కడం, మళ్లీ పూయడం, మళ్లీ నొక్కడం. శీతాకాలమంతా అదే పని. చెంప ఆనే చోటుకి సహజ కావాలి. కళ్లు మూసుకుని రైఫిలు భుజానికి ఎత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరిచేది. తెరవగానే కన్ను గురిచూసే రంధ్రం వెనక నేరుగా ఉండాలి. ఉందంటే చెక్క సరిపోయినట్టు. "కొంచెం పైకి నాన్నా", "ఇప్పుడు ఎక్కువైంది నాన్నా" అని నవ్వుతూ ఉండేది. పిల్ల ఎదుగుతున్న కొద్దీ ఏటా ఆ చోటు సరిచేసేవాణ్ని. ఆ చెంప ఎముక ఎక్కడుందో నా చేతులకు చూడకుండానే తెలుసు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నాను? నేను మంచివాణ్నని మీ చేత అనిపించుకోవడానికా? కాదనే అనుకుంటున్నాను. అయినా నా మీద నాకు నమ్మకం పోయింది. మీరూ నమ్మకండి.

పన్నెండో క్లాసులో సహజ జాతీయ జూనియర్ జట్టు ట్రయల్స్‌కి అర్హత సాధించింది. ఎంపికైతే ఆల్బర్టాలో శిక్షణ. యూనివర్సిటీ ఒక ఏడాది వాయిదా వెయ్యాలి. మా ఆవిడకు దిగులు, నాకూ దిగులు. చదువు పోతుందేమో, పిల్ల దూరమవుతుందేమో. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. చదువు కోసం చేశాను. దాని మంచికే చేశాను. ఎంత మర్యాదస్తుడి కారణమో చూడండి! నలుగురిలో చెప్పినా తల ఊపుతారు.

అసలు కారణం వేరే ఉంది. ట్రయల్స్ ఇంకో రెండు వారాలుందనగా ఒక శనివారం ప్రాక్టీసు అయ్యాక అందరం క్లబ్బు గదిలో వేడి చాక్లెట్ తాగుతున్నాం. కోచ్ డెనీస్ మంచి మనిషి, కల్లాకపటం తెలియనిది. సహజ భుజం తట్టి, "సెలెక్ట్ అయితే అక్కడ నీకు కొత్త స్టాక్ చేయిస్తారు, కార్బన్ ఫైబర్‌ది. మీ నాన్న చెక్క నిన్ను ఇంతదూరం తెచ్చింది, ఇక చాలు" అంది. సహజ "ఓ, కూల్!" అంది. నావైపు చూడలేదు.

అంతే. ఆ ఒక్క కూల్. పదిహేడేళ్ల పిల్ల కొత్త వస్తువు వస్తుందంటే సంబరపడింది. అదా నేరం? దానికి నా ఒళ్లంతా మండింది. ఇక చాలా? నా శీతాకాలాలు, నా వేళ్లమీది గాట్లు, ఇక చాలా? ఆ మంట పేరు ప్రేమ కాదు, దిగులు కాదు. పొగరు. దెబ్బతిన్న పొగరు. దీన్ని ఇన్నేళ్లు చదువు కింద దాచిపెట్టినందుకు, చేసిన పనికంటే ఎక్కువగా, నా మీద నాకు ఒళ్లు మండుతోంది.

తర్వాతి శనివారం తల్లీకూతుళ్లు షాపింగ్‌కి వెళ్లారు. సీజన్ మధ్యలో స్టాక్‌కి ఒకసారి అవిసె నూనె పట్టించడం నాకు అలవాటు. దాన్ని బల్లమీదికి తెచ్చాను. ఆకురాయి అందుకున్నాను. నా చెయ్యి వణకలేదు. ఇది మీకు చెప్పి తీరాలి. చెంప ఆనే చోట గోరు మందం తీసేశాను. తర్వాత ఉప్పుకాగితం పట్టాను, ముందు గరుకుది, తర్వాత మెత్తటిది. నూనె పట్టించాను. చారలు మునుపటిలాగే మెరిశాయి. ముట్టుకున్న ఆనవాలు లేదు. అంత శుభ్రమైన పని నేను జన్మలో మరొకటి చెయ్యలేదు.

గోరు మందం ఏం చేస్తుందని మీరు అడగొచ్చు. నెమ్మదిగా, నింపాదిగా కాలిస్తే ఏమీ చెయ్యదు. తలను కాస్త సర్దుకుంటే గురి కుదురుతుంది. కానీ రొప్పుతూ వచ్చి, నిలబడి, గుండె చెవుల్లో మోగుతుంటే, కన్ను ఆ రంధ్రాన్ని వెతుక్కోవాలి. చెంపకు ఆసరా ఉండదు. నాకు ఇది బాగా తెలుసు. తెలుసు కాబట్టే అంతే తీశాను.

మర్నాడు పొద్దున ప్రాక్టీసులో సహజ రైఫిలు భుజానికి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది. కంచె దగ్గరున్న నా దగ్గరికి వచ్చింది.

"నాన్నా, స్టాక్ ఏమైనా చేంజ్ చేశావా?"

"లేదే. ఆయిల్ పెట్టానంతే. ఏం?"

"ఐ డోంట్ నో... చెంప దగ్గర కిందికి ఉన్నట్టుంది."

"ట్రయల్స్ టెన్షన్ తల్లీ. అది నీ బుర్రలో ఉంది, చెక్కలో లేదు."

"ఆర్ యూ ష్యూర్?"

"నేను చేసిన చెక్క నాకు తెలీదా?"

నా మొహంలోకి చూసింది. "ఓకే" అంది. వెళ్లిపోయింది.

చెక్క తీయడం ఒక తప్పు. ఇది దానికి వెయ్యి రెట్లు. తన చెంప తనకు నిజమే చెప్పింది. నేను ఆ చెంపను అబద్ధాలకోరును చేశాను. తను తన ఒంటిని కాదని నన్ను నమ్మింది. అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? "ఉండు, ఒకసారి చూస్తా" అనొచ్చు కదా? ఒక చెక్క పలక అతికిస్తే సరిపోయేది. వారం రోజులు టైముంది. వారం రోజులూ నేను ఇడ్లీ తిన్నాను, టీవీ చూశాను, ఆల్ ద బెస్ట్ చెప్పాను.

ట్రయల్స్‌లో స్కీయింగ్ బ్రహ్మాండంగా చేసింది. పడుకుని కాల్చినప్పుడు ఎలాగో నెట్టుకొచ్చింది. నిలబడి కాల్చినప్పుడు గురులు ఒకటొకటే తప్పాయి. తలెత్తుతుంది, దించుతుంది, మళ్లీ ఆనిస్తుంది. నేను కంచె ఇవతల నిలబడి "కమాన్ తల్లీ!" అని అరిచాను. అవును, అరిచాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? కూతురి కోసం గొంతు చించుకుంటున్న తండ్రి.

డెనీస్ పరిగెత్తుకొచ్చి రైఫిల్‌లో ఏమైనా తేడా ఉందా అని అడిగింది. సహజ కళ్లు తుడుచుకుంటూ, "నో, రైఫిల్ ఈజ్ ఫైన్. డాడ్ చెక్ చేశాడు" అంది. నేను పక్కనే ఉన్నాను. తల ఊపాను.

ఆ వసంతంలోనే ఆట మానేసింది. ఇనుప భాగం క్లబ్బుకు ఇచ్చేశాం. చెక్కను మాత్రం మా ఆవిడ ముచ్చటపడి బేస్‌మెంట్ గోడకు పెట్టించింది. ఇంటికి వచ్చిన ప్రతివాడూ దాన్ని నిమిరేవాడు. "మీరే చేశారా! కూతురికోసం ఇంత చేసిన తండ్రిని నేను చూడలేదండీ." సహజ ఇంట్లో ఉంటే నవ్వేది. "యా, నాన్న అంతా చేశాడు అంకుల్. ఐ జస్ట్ చోక్డ్." తానే బిగుసుకుపోయానని, వచ్చినవాళ్లందరికీ తన నోటితో తనే చెప్పుకునేది. నేను పకోడీల పళ్లెం అందించేవాణ్ని. ఎలాంటి మనిషినండీ నేను?

సహజ ఇప్పుడు హాలిఫాక్స్‌లో మెడిసిన్ చదువుతోంది. ఏ విభాగంలోకి వెళ్లాలో తేల్చుకోవలసిన ఏడాది. మొదటినుంచీ సర్జరీ అనేది. ఈమధ్య ఒకరోజు ఫోన్ చేసింది.

"సర్జరీ వద్దనుకుంటున్నా నాన్నా. ప్రెషర్‌లో నా చేతులు పనిచెయ్యవు. నీకు తెలుసుగా."

నీకు తెలుసుగా! తెలుసు. ప్రెషర్‌లో ఆ చేతులు ఎంత బాగా పనిచేస్తాయో ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. అయినా ఏమన్నానో తెలుసా? "సరేలే, నీ ఇష్టం తల్లీ" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా గొంతు నేనే నొక్కుకోవాలనిపించింది. ఒక్క ఆట కాదు, ఒక్క ఏడాది కాదు. తన గురించి తనకున్న అభిప్రాయాన్నే నేను చెక్కేశాను. అది ఇంకా అరుగుతూనే ఉంది.

ఆ వారమే హాలిఫాక్స్ వెళ్లాను, ఒంటరిగా. సహజ సంతోషపడి, ఊరు చూపిస్తానని హార్బర్ దాటే ఫెర్రీ ఎక్కించింది. గాలి విపరీతంగా ఉంది. పైన మేమిద్దరమే ఉన్నాం. చెప్పేశాను. ఉపోద్ఘాతం లేకుండా, ఉన్నది ఉన్నట్టు. గోరు చూపించి, ఇంత అన్నాను.

నీళ్లకేసి తిరిగింది. అరవకుండా, మెల్లగా అంది.

"నేను చెప్పాను. కిందికి ఉందని నేను చెప్పాను, నాన్నా."

"చెప్పావు."

"అమ్మకు తెలుసా?"

"లేదు." ఎందుకు చేశానో చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"వద్దు. ఎందుకో చెప్పకు. ఐ డోంట్ వాంట్ ఇట్."

అవతలి ఒడ్డున దిగి, బస్సెక్కి వెళ్లిపోయింది. నన్ను రమ్మనలేదు. ఆ కారణం తను వినలేదు, మీరు విన్నారు. వినమని తనను బలవంతపెట్టే హక్కు నాకు లేదు. నిజానికి కారణం చెప్పడమంటే కొంచెం క్షమాపణ అడుక్కోవడమే. తను అది పసిగట్టింది.

వాళ్లమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పింది. మా ఆవిడ ఇప్పుడు సహజ గదిలో పడుకుంటోంది. వంట చేస్తుంది, నాకు వడ్డించదు. బాగుంది. ఇంకా ముందే జరగాల్సింది. సర్జరీ విషయం ఏమైందో నాకు తెలియదు. నాకు చెప్పరు, నేను అడగను.

నిన్న సహజ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. తను తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తుంది. "నీ మీద చాలా కోపంగా ఉంది. ఎప్పుడు పోతుందో తెలీదు. పోకపోవచ్చు కూడా." అంతే ఉంది. దాన్ని ఎన్నిసార్లు చదివానో. చదువుతుంటే ఛాతీలో ఇన్నేళ్లుగా బిగుసుకుని ఉన్నదేదో వదులైంది. ఇన్నాళ్లూ ఆ కోపం తన మీద తనకే ఉండేది. ఇప్పుడు నా మీదికి వచ్చింది. రావలసిన చోటికే వచ్చింది. ఉండనివ్వండి.