ఎండలో గొర్రె ఆట

పిల్లలకు ఆట నేర్పడంలో నన్ను మించిన అంగన్‌వాడీ టీచరు మా తిరుమణి చుట్టుపక్కల లేదని నేను గట్టిగా నమ్మేదాన్ని. అక్షరాలకంటే ముందు పిల్లల ఒళ్లు కదలాలని పావగడలో ట్రైనింగు ఇచ్చినప్పుడు చెప్పారు. మిగతావాళ్లు సిగ్గుపడి గోడకు ఆనుకుంటే, కప్పలా గెంతి చూపించింది నేనే. ఊళ్లో ఆ సంగతి నేను చెప్పని మనిషి లేడు.

మా ఆటల్లో గొర్రెల ఆటకు మంచి పేరు. నేను గరిటెతో పళ్లెం మీద దరువు వేస్తాను. పిల్లలు మోకాళ్ల మీద పాకుతూ, మే మే అంటూ గదంతా చుట్టి వస్తారు. ఒక పాప మాత్రం కదిలేది కాదు. నాలుగేళ్లది, గొర్రెలు కాచుకునే ఇంటి పిల్ల. మోకాళ్ల మీద కూర్చుని పక్క పిల్ల పొట్ట కింద తల దూర్చేది. ఆ పిల్ల పాక్కుంటూ వెళ్లిపోయినా ఇది తల వంచుకుని అక్కడే ఉండేది.

నెల రోజులు చూశాను. బుజ్జగించాను, చేయి పట్టి లాగాను, ఒకరోజు కసిరాను కూడా. చివరికి ఈ పిల్లకు బుద్ధి ఎదగలేదని నాకు నేనే తేల్చేసుకుని వాళ్ల అవ్వను పిలిపించాను. పాప అమ్మా నాన్నా ఊరి పక్కన సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పనికి పోతారు కాబట్టి చూసుకునేది అవ్వే. డాక్టరుకు చూపించమని, ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచుకొమ్మని చెప్పాను.

అవ్వ ముఖం చిన్నబోయింది. పాపను పంపేసే ముందు ఆ ఆట ఒకసారి చూస్తానని గడప దగ్గర కూర్చుంది. దరువు వేశాను. పాప ఎప్పటిలాగే తల దూర్చింది. చూశావా అన్నట్టు నేను అవ్వ వైపు తిరిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"సోలార్ కంచె పక్కన చెట్టు యాడుండాదమ్మా? మధ్యాన్నం ఎండకు గొర్లు నడవవు. ఒకదాని కడుపు కింద ఇంకోటి తల పెట్టుకోని నిలబడతాయి. ఆదివారం నా యెంట వచ్చి చూస్తాది గదా, అదే చేస్తా ఉండాది."

నాకు తల కొట్టేసినట్టయింది. మాది సేద్యం ఇల్లు. ఎరువు కోసం చేలో మంద నిలిపించుకున్నామే గాని, గొర్రెను నేను ఏనాడూ సరిగా చూడలేదు. గది నిండా పిల్లలు నేను నేర్పిన గొర్రెను ఆడుతుంటే, ఈ ఒక్కతే తను చూసిన గొర్రెను ఆడింది. డాక్టరు మాట వెనక్కి తీసుకుని, పాపను రోజూ తప్పకుండా పంపమని అవ్వను బతిమాలాను.

మరునాటి నుంచి ఆట మార్చాను. నేను దరువు ఆపి 'ఎండ' అంటే చాలు, అందరూ ఒకచోట చేరి తలలు దూర్చాలి. ఎవరి తల బయట ఉన్నా పాప అరచేత్తో లోపలికి నెట్టేది. అల్లరి గది ఒక్క క్షణంలో నిశ్శబ్దమయ్యేది.

సూపర్‌వైజరు తనిఖీకి వచ్చిన రోజు కూడా అదే ఆడించాను. 'ఎండ' అన్నాక పాప గుంపులోంచి లేచి వచ్చి నా చీర పట్టుకుంది.

"మిస్సూ, నువ్వొక్కదానివే ఎండలో ఉండావు. రా."

పళ్లెం కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని పిల్లల మధ్య తల దూర్చాను. పాప నా మెడ మీద చేయి వేసి ఇంకాస్త వంచింది. ఈ ఆట ఎవరు నేర్పారని సూపర్‌వైజరు అడిగింది. తల ఎత్తకుండానే, గర్వంగా, పాప పేరు చెప్పాను.